ముందు ఒక్క వీధి పట్టుకోండి

ప్రశ్న: మాది గుంటూరు. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, నిరుడు మానేసి ఇంటికి వచ్చేశాను. చిన్న డయాగ్నస్టిక్ ల్యాబులు రిపోర్టులు తయారు చేసుకుని వాట్సాప్‌లో పంపుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఒక్కడినే కూర్చుని రాశాను. వెబ్‌సైట్ పెట్టాను, నెల రోజులు ఉచితం అన్నాను, ప్రకటనలకు 22,000 రూపాయలు పోశాను. 60 మంది నమోదు చేసుకున్నారు. అందులో ఒక్క పేషెంటునైనా ఎక్కించినవాళ్లు ముగ్గురే. డబ్బు కట్టినవాళ్లు లేరు. తెలిసినవాళ్ల ద్వారా నలుగురు ల్యాబ్ ఓనర్లకు చూపిస్తే ‘బాగుంది, చూద్దాం’ అన్నారు. నాకు గలగలా మాట్లాడటం రాదు. మార్కెటింగ్‌కి మనిషిని పెట్టుకోవాలా? ఏడాది పాటు ఉచితంగా ఇచ్చేయాలా? ఇంట్లో మా ఆవిడ జీతం మీద నడుస్తోంది. ఆరు నెలల్లో తేలకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి.
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: 60 మంది వచ్చి ముగ్గురే ఎందుకు మిగిలారో ముందు చూద్దాం. మిగతా 57 మందీ మీ సాఫ్ట్‌వేర్ నచ్చక పోలేదు, వాళ్లు దాన్ని అసలు చూడనేలేదు. ఫోన్ నంబరు కొట్టి లోపలికి వచ్చిన ల్యాబ్ ఓనరుకి ఖాళీ తెర కనబడింది. తను చేసే వంద నూటయాభై టెస్టుల పేర్లు ఎక్కించాలి. ఒక్కోదానికీ రేటు, యూనిట్లు, నార్మల్ వాల్యూస్ కొట్టాలి. లెటర్‌హెడ్‌కి తగ్గట్టు మార్జిన్లు సరిచెయ్యాలి, డాక్టరు గారి సంతకం ఎక్కించాలి. ఇదంతా అయితే గానీ మొదటి రిపోర్టు బయటికి రాదు. పరగడుపున రక్తం ఇచ్చినవాళ్లు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే ఆ పని ఎవరు నెత్తిన వేసుకుంటారు? పాత వర్డ్ ఫైలు తెరిస్తే రెండు నిమిషాల్లో రిపోర్టు అయిపోతుంది.

కాబట్టి మీకు అడ్డం పడుతున్నది ధర కాదు, ప్రచారం తక్కువై కూడా కాదు. పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారే శ్రమ మీరు వాళ్ల మీద వేశారు. మొదటి పది ల్యాబుల దాకా ఆ శ్రమ పూర్తిగా మీదే కావాలి, వాళ్లు మీకు డబ్బిచ్చేది కూడా ముఖ్యంగా దానికే. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ స్ట్రైప్ పెట్టిన కాలిసన్ అన్నదమ్ములు తొలిరోజుల్లో ఎవరైనా ‘వాడి చూస్తాం’ అంటే లింకు పంపుతామని ఊరుకోలేదు. అక్కడికక్కడే వాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని అమర్చి ఇచ్చేవారు. డాలర్ల వ్యాపారానికే ఆ పని తప్పలేదు.

ప్రకటనలు ఇవాళే ఆపండి. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి ‘ఎక్కడ ఆగిపోయారు?’ అని మాత్రం అడగండి, అమ్మబోకండి. 57 మంది జాబితాలో గుంటూరు, పల్నాడు, బాపట్ల వైపు వాళ్లు ఉంటే విడిగా రాసి పెట్టుకోండి. ఎక్కడో ఇండోర్‌లో ల్యాబ్ ఉన్నవాడు రేపు డబ్బు కడతానన్నా ఇప్పుడు మీకు పనికిరాడు. ఆయన దగ్గర ప్రింటు ఎందుకు రాలేదో మీరు వెళ్లి చూడలేరు.

ఊళ్లోనే ఒక్క వీధి పట్టుకోండి. ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. విజయవాడకి సూర్యారావుపేట, నెల్లూరుకి పొగతోట ఎలాగో, గుంటూరుకి కొత్తపేట అలా. ఆసుపత్రులు, మందుల షాపులు, ల్యాబులు అన్నీ నడిచి తిరిగే దూరంలో ఉంటాయి. ఒక ల్యాబ్‌లో ప్రింటరు మొరాయిస్తే పది నిమిషాల్లో వెళ్లి నిలబడొచ్చు.

ప్రతి ల్యాబూ మీకు పనికిరాదు. పెద్ద గొలుసు సంస్థల కలెక్షన్ సెంటర్లు వదిలెయ్యండి, వాళ్ల సాఫ్ట్‌వేర్ హెడ్ ఆఫీసు నుంచి వస్తుంది. రోజుకు ఆరేడుగురు వచ్చే ఒంటి గది ల్యాబులనూ వదిలెయ్యండి, వాళ్లకి వర్డ్ చాలు. మీకు కావాల్సింది రోజుకు 25 నుంచి 80 మంది పేషెంట్లు, ఓనరు స్వయంగా టెక్నీషియన్ లేదా రోజూ కౌంటర్ దగ్గర ఉండే మనిషి, ఇద్దరు ముగ్గురు స్టాఫ్, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. ఇప్పటికే ఏదో పాత సాఫ్ట్‌వేర్ వాడుతూ, అది అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదని విసుక్కునే ల్యాబ్ ఇంకా మంచిది. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టడం అక్కడ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ జాబితా గూగుల్ మ్యాప్స్‌లో సగమే దొరుకుతుంది. మిగతా సగం ముగ్గురి దగ్గర ఉంటుంది: ల్యాబులకు లెటర్‌హెడ్లు, కవర్లు అచ్చువేసే ప్రెస్సువాడు, రీజెంట్లు (పరీక్షలకు వాడే రసాయనాలు), కిట్లు సరఫరా చేసే డిస్ట్రిబ్యూటరు, సెల్ కౌంటర్లు (రక్తకణాలు లెక్కపెట్టే యంత్రాలు) రిపేరు చేసే సర్వీస్ ఇంజనీరు. ఏ ల్యాబ్‌కి పేషెంట్లు పెరుగుతున్నారో ప్రెస్సువాడికి కాగితం లెక్కన తెలుసు, డిస్ట్రిబ్యూటరుకి ఆ యంత్రాల్లో వాడే డైల్యూయెంట్ ద్రవం డబ్బాల లెక్కన తెలుసు. ఒక నోటుబుక్కులో 30, 40 పేర్లు రాయండి. ఓనరు ఎవరు, రోజుకు సుమారు ఎంతమంది వస్తారు, రిపోర్టు ఎందులో చేస్తున్నారు, టైపు చేసేది ఎవరు, డబ్బు మాట ఎవరు తేలుస్తారు అన్నవి ఒక్కో పేరు పక్కన ఉండాలి. చివరి రెండింటికీ జవాబు చాలాసార్లు ఒకే మనిషి కాదు. అది ముందే తెలియకపోతే మూడు వారాలు టెక్నీషియన్‌కి డెమోలు ఇచ్చి, ‘సార్‌ని అడగాలండీ’ దగ్గర ఆగిపోతారు.

వెళ్లే వేళ ముఖ్యం. ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా ఫాస్టింగ్ శాంపిళ్లు, ఆ తర్వాత, తిన్న రెండు గంటలకు తీసే పోస్ట్ లంచ్ శాంపిళ్లు, సాయంత్రం ఐదు తర్వాత డాక్టర్ల ఓపీ రద్దీ. మీకు మిగిలేది మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు. సోమవారం వద్దు, ఆదివారం మిగిలిపోయినవాళ్లంతా ఆ రోజే వస్తారు.

గలగలా మాట్లాడలేనన్నారు కదా, మాటల పని తగ్గించే దారి ఒకటుంది. ముందు పేషెంటుగా వెళ్లి డబ్బు కట్టి సీబీపీ (రక్తకణాల పరీక్ష), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించుకోండి. మీ రిపోర్టు ఇంటికి తెచ్చుకుని అదే వరసలో, అదే అక్షరాల సైజులో మీ సాఫ్ట్‌వేర్‌లో తయారు చెయ్యండి. రెండు రోజుల తర్వాత రెండు కాగితాలూ పట్టుకుని వెళ్లి ఇలా చెప్పండి: ‘మొన్న మీ దగ్గర టెస్టు చేయించుకున్నానండి. ఈ రిపోర్టు మీది, ఇది నా సాఫ్ట్‌వేర్‌లో చేసింది. ఏమైనా తేడా ఉందేమో ఒకసారి చూసి చెబుతారా?’ కాగితం చేతికి వస్తే ల్యాబ్ మనిషి చూడకుండా ఉండలేడు. పదికి ఏడుసార్లు తప్పు పట్టుకుంటాడు. ‘ఈఎస్ఆర్ కింద వెయ్యాలి, మా డాక్టర్ గారు పైన ఉంటే ఒప్పుకోరు’ అంటాడు (ఈఎస్ఆర్ కూడా ఒక రక్తపరీక్షే). అది రాసుకుని మర్నాడు సరిచేసి తీసుకెళ్తే అమ్మకం సగం అయినట్టే. ప్రతి ల్యాబ్‌లోనూ రక్తం ఇవ్వక్కర్లేదు లెండి. నాలుగైదు చోట్ల చేస్తే ఆ వీధి అలవాట్లు తెలిసిపోతాయి, ఆ తర్వాత వాళ్ల పాత ఖాళీ రిపోర్టు కాగితం ఒకటి అడిగితే చాలు.

మొదటి పలకరింపులో ‘ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే వాడతారా?’ అని అడగకండి. మనవాళ్లు ఎదుటి మనిషి మొహం మీద కాదనరు. మీకు నలుగురు చెప్పిన ‘బాగుంది, చూద్దాం’ మర్యాదగా కాదనడమే. జరిగినదాని గురించి అడగండి. నిన్న చివరి రిపోర్టు ఎన్నింటికి ఇచ్చారు? ఈ నెలలో ఏ రిపోర్టయినా వెనక్కి వచ్చిందా, ఎందుకు వచ్చింది? ఆరు నెలల కిందటి రిపోర్టు మళ్లీ కావాలని పేషెంటు వస్తే ఎలా వెతుకుతారు? టైపు చేసే అమ్మాయి సెలవు పెడితే ఎవరు చేస్తారు? ఈ నాలుగింటికీ జవాబులు రాసుకుంటే ఆ ల్యాబ్‌కి ఏం చూపించాలో అదే తేలిపోతుంది. మీ మీద నమ్మకం కుదిరిందనడానికి గుర్తు పొగడ్త కాదు. రేట్ల కార్డు ఫొటో తీసుకోనిచ్చారా, ఫలానా రోజు రమ్మన్నారా, డబ్బు ఇచ్చారా అన్నవే లెక్క.

డెమో మూడు నిమిషాలు దాటకూడదు. ఏం చూపించాలో తెలియాలంటే వర్డ్‌లో రిపోర్టు ఎలా తయారవుతుందో ఒక పూట పక్కన నిలబడి చూడండి. సెల్ కౌంటర్ నుంచి చిన్న థర్మల్ కాగితం చీటీ వస్తుంది. అమ్మాయి నిన్నటి పేషెంటు ఫైలు తెరిచి, పేరు మార్చి, వయసు మార్చి, చీటీ చూస్తూ ఒక్కో అంకె మీద కొత్త అంకె కొడుతుంది. మధ్యలో ఫోన్ మోగుతుంది, లేదా కౌంటర్ దగ్గర ఎవరో చిల్లర అడుగుతారు. తిరిగొచ్చి ప్లేట్లెట్ల దగ్గర మొదలుపెడుతుంది, దాని పైన ఇసినోఫిల్స్ మాత్రం నిన్నటి మనిషివే ఉండిపోతాయి. కాగితం చూస్తే ఏ తేడా కనబడదు. డాక్టరు గారు ఐదు రకాల తెల్ల రక్తకణాల శాతాలూ కూడి చూస్తేనే బయటపడుతుంది: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, ఇసినోఫిల్స్, మోనోసైట్స్, బేసోఫిల్స్ కలిపి 100 రావాలి, 104 వచ్చింది.

మీ డెమో ఇక్కడే మొదలవ్వాలి. ఆ ఐదింటి లెక్క (డిఫరెన్షియల్ కౌంట్, డీసీ) మొత్తం 100 కాకపోతే రిపోర్టు ప్రింటు కానివ్వకండి. లిపిడ్ ప్రొఫైల్‌లో టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ కొట్టగానే వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ వాటంతట అవే రావాలి: ట్రైగ్లిజరైడ్స్‌ని ఐదుతో భాగిస్తే వీఎల్‌డీఎల్, టోటల్‌లోంచి హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ తీసేస్తే ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలి ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్ చెయ్యాలి’ అని చూపండి. టోటల్ బిలిరుబిన్‌లోంచి డైరెక్ట్ తీసేస్తే ఇండైరెక్ట్, టోటల్ ప్రొటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసేస్తే గ్లోబులిన్. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని రోజుకు ఇరవైసార్లు చేసే పని ఇది. నార్మల్ వాల్యూస్ వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి మారాలి. పుట్టిన బిడ్డకు హిమోగ్లోబిన్ 17 మామూలే, పెద్ద ఆడమనిషికి 17 ఎక్కువ. వర్డ్ ఫైలుకి ఆ తేడా తెలియదు. మీ డ్యాష్‌బోర్డు, రంగురంగుల గ్రాఫులు ఈ మూడు నిమిషాల్లో తెరవొద్దు. అవి ఓనరు రెండో నెలలో తనే కనుక్కుంటాడు.

సరేనన్నాక అసలు పని మొదలవుతుంది. రేట్ల కార్డు, వాళ్ల పాత రిపోర్టుల్లో ఒక్కో రకానిది ఒక్కోటి ఫొటో తీసుకోండి, పేషెంటు పేరు కనబడకుండా వేలు అడ్డం పెట్టి తియ్యండి. రాత్రికి మీరే అన్నీ ఎక్కించండి. మొదటి ల్యాబ్‌కి రెండు రాత్రులు పడుతుంది, నాలుగో ల్యాబ్‌కి వచ్చేసరికి మార్చాల్సింది పాతిక టెస్టులే ఉంటాయి. నార్మల్ వాల్యూస్ మీ సొంతంగా వెయ్యకండి. వాళ్లు వాడే కిట్ పెట్టెలోని కాగితంలో ఉన్నవే వెయ్యాలి, కిట్ మారితే అవీ మారతాయి. చివర్లో మొత్తం జాబితా ప్రింటు తీసి, ల్యాబ్ బాధ్యుడి చేత ఒక్కో పేజీ చదివించి సంతకం చేయించుకోండి. ఇది మొహమాటపడి వదిలేసే పని కాదు.

లెటర్‌హెడ్ కొలవడానికి స్కేలు తీసుకెళ్లండి. పైన ఎన్ని మిల్లీమీటర్లు, కింద ఎన్ని అన్నది కాగితం మీద కొలిచి వేసినా, వాళ్ల ప్రింటరు నాలుగైదు మిల్లీమీటర్లు జరుపుతుంది. అందుకని మార్జిన్ సరిచేసే మీట టెక్నీషియన్‌కి కనబడేట్టు ఉండాలి. రిపోర్టు రెండు రకాలుగా రావాలి: అచ్చేసిన లెటర్‌హెడ్ మీదికి తల లేకుండా, వాట్సాప్ పీడీఎఫ్‌లో తలతో సహా. ఈ రెండో సంగతి మరిచిపోయి, బొత్తిగా పేరూ ఊరూ లేని రిపోర్టు పేషెంట్లకు పంపిన ల్యాబులు ఉన్నాయి.

కంప్యూటరు చూడండి. చాలాచోట్ల ఇంకా విండోస్ 7, రెండు నాలుగు జీబీల ర్యామ్ కనిపిస్తాయి. క్రోమ్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి విండోస్ 7ని వదిలేసింది కాబట్టి అక్కడ 109 దగ్గరే ఆగి ఉంటుంది. మీ ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్‌లో నడిచేది అక్కడ తెల్లతెర చూపించొచ్చు. నెట్ పోతే? కనీసం ఆ పూట రిపోర్టులు ప్రింటు అయ్యేలా ఉండాలి, పంపడం నెట్ వచ్చాక చూసుకోవచ్చు. ‘నెట్ లేక రిపోర్టు ఇవ్వలేకపోయాం’ అన్న మాట ఒక్కసారి డాక్టరు గారి చెవిన పడితే మీ సాఫ్ట్‌వేర్‌కి అక్కడితో సరి.

మొదటి మూడు ఉదయాలు, ఏడున్నర నుంచి పదిన్నర దాకా, మీరు అక్కడే ఉండండి. వర్డ్‌ని ఆపించకండి, రెండూ పక్కపక్కన నడవనివ్వండి. చేతిరాత రిజిస్టరు అసలే ముట్టుకోవద్దు. కరెంటు పోయినా అది ఉంటుందని వాళ్ల ధీమా. మీ కళ్లు మాత్రం టైపు చేసే మనిషి చేతుల మీద ఉండాలి. మౌస్ పట్టుకోవాల్సి వచ్చిన ప్రతిచోటా ఆమె వేగం సగానికి పడిపోతుంది. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే కింది గడికి వెళ్లాలి, అంతే. ఇంకో మాట. బిల్లుల మొత్తం ఓనరు ఫోన్‌లో కనబడేలా చేశారనుకోండి, కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లకు అది నిఘాలా తోస్తుంది. అక్కడి నుంచి ‘సార్, ఈ సాఫ్ట్‌వేర్ చాలా స్లో అండీ’ మొదలవుతుంది. ఆ సదుపాయం మొదటి నెల తెరవకండి. ముందు ఆ అమ్మాయికి పని తగ్గాలి. ఓనరు కొంటాడు గానీ, ఉంచాలో తీసేయాలో తేల్చేది ఆమే.

వాట్సాప్ దగ్గర తొందరపడితే చాలా నష్టం. అనధికార కోడ్ లైబ్రరీలతో వాట్సాప్ వెబ్‌ని నడిపించి ఆటోమేటిగ్గా పంపితే నంబరు బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది. అది పదేళ్లుగా పేషెంట్లందరి దగ్గరా ఉన్న ల్యాబ్ నంబరు. సాఫ్ట్‌వేర్ నుంచి పంపడానికి వాట్సాపే ఇచ్చే అధికారిక బిజినెస్ ఏపీఐకి టెంప్లేట్లు (మెసేజీ నమూనాలు) ఆమోదం పొందాలి, పంపేదానికి చార్జీ పడుతుంది. అది పది ల్యాబులు దాటాక చూడొచ్చు. ఇప్పటికి, బటన్ నొక్కగానే ఆ పేషెంటు చాట్ తెరుచుకుని, రాసి ఉన్న మెసేజీలో రిపోర్టు లింకు ఉండి, టెక్నీషియన్ ‘సెండ్’ నొక్కితే చాలు. అలాంటి చాట్ లింకుతో ఫైలు జతచెయ్యడం కుదరదు, మాటలే వెళ్తాయి, అందుకే పీడీఎఫ్‌కి లింకు పెట్టాలి. ఆ లింకు చివర 1041, 1042 అని వరస నంబర్లు పెట్టకండి, ఒక అంకె మారిస్తే పక్కవాడి హెచ్ఐవీ రిపోర్టు తెరుచుకుంటుంది. ఊహించలేని పొడుగాటి అక్షరాలు పెట్టి, నెల తర్వాత లింకు పనిచెయ్యకుండా చెయ్యండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, ఇలాంటిది ఒక్కటి బయటపడితే ఆ వీధిలో మళ్లీ అడుగుపెట్టలేరు. బల్క్ ఎస్సెమ్మెస్‌లతో ల్యాబులకు మీ ప్రచారం చేసుకుందామన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. బల్క్ ఎస్సెమ్మెస్‌లకు తప్పనిసరైన డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ తంతు పూర్తిచేసినా ఆ మెసేజీలు చదివేవాళ్లు లేరు.

ఇక డబ్బు. ఏడాది ఉచితంగా ఇవ్వకండి. ఉచితంగా తీసుకున్నవాడు ఏదైనా చెడితే మీకు ఫోన్ చెయ్యడు, చప్పుడు లేకుండా వర్డ్‌కి వెళ్లిపోతాడు. డబ్బు కట్టినవాడు అరుస్తాడు. ఇప్పుడు మీకు ఆ అరుపులే కావాలి. ఒక లెక్క చెబుతాను, మీ వీధిని బట్టి మార్చుకోండి: ఏడాదికి 7,200, అంటే నెలకు 600. మొదట 2,000 అడ్వాన్సు, మిగతాది 30 రోజుల తర్వాత, నచ్చకపోతే అడ్వాన్సు వెనక్కి. అమర్చడానికి విడిగా చార్జీ వద్దు. నెలనెలా వసూలు పెట్టుకోకండి, 600 కోసం మూడుసార్లు తిరగాలి. ‘ఒకేసారి పాతిక వేలు పడేస్తాం, జీవితాంతం ఇచ్చెయ్’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చేతిలో డబ్బు లేనప్పుడు ఆ మాట తియ్యగా వినబడుతుంది. కానీ సర్వర్ ఖర్చు, ఉదయం ఏడింటి ఫోను ప్రతి ఏడాదీ ఉంటాయి. ఒప్పుకోకండి, కావాలంటే మూడేళ్లకు కట్టించుకుని కాస్త తగ్గించండి.

సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనప్పుడు బిల్లులో జీఎస్టీ వెయ్యకూడదు. చిన్న సంస్థలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దాంతో సంస్థ పేరున కరెంట్ అకౌంటు తెరవడం సులువవుతుంది. సంస్థ పేరుతో క్యూఆర్ కోడ్, నంబరు వేసిన బిల్లు చూపిస్తే ‘ఈ కుర్రాడు ఆరు నెలలకి మాయమవుతాడేమో’ అన్న అనుమానం కొంత తగ్గుతుంది. ఆ అనుమానం ప్రతి ఓనరుకీ ఉంటుంది, పైకి అనడు. మీరే ముందుగా తీర్చండి: పేషెంట్ల డేటా మొత్తం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్‌లో దించుకునే బటన్ వాళ్ల తెర మీదే పెట్టి, అక్కడే నొక్కి చూపించండి.

ఒక కోరిక మాత్రం రెండో మూడో ల్యాబ్‌లోనే ఎదురవుతుంది. ఏ డాక్టరు ఎందరిని పంపారో, దాని మీద ఎంత ఇవ్వాలో లెక్క కట్టే గడి అడుగుతారు. పేషెంటును పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవడం 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం నిషిద్ధం. పంపిన డాక్టరు పేరు రిపోర్టు మీద ఉండాల్సిందే, అంతవరకు ఇవ్వండి. డబ్బు గడి పెట్టకండి. ఒకరిద్దరు పోతారు, పోనివ్వండి.

మిగతా కోరికలకు నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. ఒకే సంగతి మూడు ల్యాబులు అడిగితే చెయ్యండి. తప్పు రిపోర్టు వెళ్లే అవకాశం ఉన్నదైతే మాత్రం ఒక్కరు చెప్పినా ఆ రాత్రే సరిచెయ్యాలి. కొత్త వెర్షన్ ఉదయం పూట ఎక్కించకండి, ఆదివారం మధ్యాహ్నం ల్యాబులు మూసుకున్నాక ఎక్కించండి.

మొదటి ల్యాబ్ నుంచి పదో ల్యాబ్‌కి చేరడం వేరే విద్య. ఒకే వీధిలో ఉండటం వల్ల మాట తొందరగా పాకుతుంది, అదే మీకు గండం కూడా. ఎదురెదురు ల్యాబులు ఒకే డాక్టర్ల కోసం పోటీ పడుతుంటాయి. ‘వాళ్లకి రోజుకు అరవై మంది వస్తున్నారండీ’ అని ఒకచోట నోరు జారితే, ‘మన లెక్కలు కూడా ఇలాగే చెబుతాడు’ అని రెండు ల్యాబులూ పోతాయి. ఎవరి పేరైనా చెప్పాలంటే ముందు వాళ్లను అడగండి. పేరు చెప్పడానికి వీల్లేకపోతే ‘ఈ వీధిలో ముగ్గురు వాడుతున్నారు’ అన్నది చాలు. టెక్నీషియన్లు ఒక ల్యాబ్ నుంచి ఇంకోదానికి మారుతూ ఉంటారు, వెళ్లినచోట మీ సాఫ్ట్‌వేరే కావాలని అడిగేది వాళ్లే. వాళ్ల ఫోన్ నంబర్లు దాచుకోండి. రీజెంట్ డిస్ట్రిబ్యూటరుకి, అతని మాట మీద కట్టిన ల్యాబ్‌కి మొదటి ఏడాది డబ్బులో ఐదో వంతు ఇవ్వొచ్చు. ‘జిల్లా మొత్తం నాకే ఇవ్వాలి’ అంటే ఒప్పుకోవద్దు. ‘నా కిట్లు కొన్నవాళ్లకి ఉచితంగా ఇద్దాం’ అంటే అసలే వద్దు, రేపు ఆ ల్యాబ్ కిట్లు మార్చినప్పుడు మీరూ పోతారు. మీ మేనమామ, మీ బావమరిది చెప్పి పెట్టించిన ల్యాబులుంటే వాటిని పదిలో లెక్కవెయ్యకండి, మొహమాటంతో కట్టినవాడు రెండో ఏడాది కట్టడు.

మార్కెటింగ్ మనిషి ఇప్పుడు వద్దు. అతను వెళ్లి తిరిగొచ్చి ‘ఇంటరెస్ట్ చూపించారు సార్’ అంటాడు. ఈఎస్ఆర్ కింద ఉండాలన్న మాట అతని చెవిన పడినా మీ దాకా రాదు. కోడ్ రాసేవాడే వెళ్లడంలో ఉన్న లాభమంతా అదే, విన్నది మర్నాటికి మారిపోతుంది.

పూర్తిగా వేరే దారి పట్టాల్సి రావచ్చు కూడా. 2006లో బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టిన ఫణీంద్ర సామా, ఆయన మిత్రులు ముందు బస్సు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ ఇవ్వబోయారు. ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు సీట్లు తామే అమ్మిపెట్టడం మొదలుపెట్టారు, దానికి మాత్రం ఆపరేటర్లు ఒప్పుకున్నారు. మీ విషయంలో ఆ మలుపు అవసరమో కాదో నోటుబుక్కు చెబుతుంది. 30 ల్యాబులు తిరిగాక, ఎక్కడ ఎక్కువమంది ఆగిపోయారో చూడండి. అసలు కూర్చోనివ్వకపోతే వేళ తప్పు, లేదా మాట్లాడిన మనిషి తప్పు. డెమో చూసి రేట్ల కార్డు ఇవ్వకపోతే, వాళ్లకి అది పెద్ద బాధ కాదన్నమాట. అప్పుడు ఆ నాలుగు ప్రశ్నల జవాబుల్లో వాళ్లు వాపోయిన ఇంకో సంగతి వెతకండి, బయటి ల్యాబులకు పంపిన శాంపిళ్ల జాడ తెలియకపోవడం కావచ్చు, డాక్టర్ల దగ్గర రావాల్సిన బాకీలు కావచ్చు. అమర్చాక వారం తిరక్కుండా వర్డ్‌కి వెళ్లిపోతే టైపు వేగం, లేదా ప్రింటరు. నెలంతా వాడి డబ్బు దగ్గర జారుకుంటే, దానికి ధర కన్నా మీ మొహమాటమే ఎక్కువ కారణం, మీరు గట్టిగా అడగలేదు. ముప్ఫయ్యో రోజు ఉదయం బిల్లు ప్రింటు తీసి చేతికిచ్చి, అక్కడే కూర్చోండి.

మీ ఆరు నెలల గడువు సరిపోతుంది, కాకపోతే ఇంటి ఖర్చు మీ ఆవిడ ఒక్కరి మీద ఉండకుండా గంటల లెక్కన ఏదైనా కాంట్రాక్టు పని పట్టుకోండి, సాయంత్రాలు రాత్రులు చేసుకునేది. ఉదయం ఏడు నుంచి పదకొండు, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు ఖాళీ ఉంచమని ఆ పని ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి. ఈ వారం చెయ్యాల్సింది: లెటర్‌హెడ్లు వేసే ప్రెస్సు ఎక్కడుందో కనుక్కోవడం, రెండు ల్యాబుల్లో సీబీపీ చేయించుకోవడం, విండోస్ 7 ఉన్న పాత కంప్యూటరు ఒకటి తెచ్చి మీ సాఫ్ట్‌వేర్ అందులో తెరుచుకుంటుందో లేదో చూడటం. లిపిడ్ కూడా చేయిస్తారు కాబట్టి రాత్రి భోంచేశాక పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లండి.